గురి కుదిరినా గెలుపు రాని ఆటగాడు: ఒక కేస్ స్టడీ

తుపాకీ పోరు వీడియో గేమ్‌లైన పోటీ షూటర్ ఆటల్లో కొత్తవారికి శిక్షణ ఇచ్చేవారు అందరికన్నా ఎక్కువగా వినే ఫిర్యాదు "నా ఎయిమ్ (గురి) బాగోలేదు" అన్నదే. ఆ ఫిర్యాదు నిజమో కాదో లెక్క వేసి తేల్చుకునే అవకాశం ఈ కేసులో దొరికింది కాబట్టి దీన్ని వివరంగా నమోదు చేస్తున్నాను. ఆటగాడి అనుమతి తీసుకున్నాను. ఆయనను గుర్తుపట్టగలిగే వివరాలను తీసేసి, శిక్షణతో సంబంధం లేని ఒకటి రెండు విషయాలను మార్చాను.

నేపథ్యం

ఆటగాడి వయసు ముప్పై దాటింది. ఉద్యోగం, ఇంటి బాధ్యతలు పోగా రాత్రిపూట ఆటకు గంటన్నర మించి దొరకదు. గతంలో కంట్రోలర్ పట్టుకుని ఒంటరిగా ఆడే ఆటలు చాలా ఆడారు గానీ, కీబోర్డు, మౌస్‌తో ఆన్‌లైన్‌లో ఎదుటి మనుషులతో తలపడడం ఆయనకు ఇదే మొదలు. ఎంచుకున్న ఆట 2020లో విడుదలైన వాలరెంట్. ఇందులో అయిదుగురి జట్లు రెండు తలపడతాయి, ముందుగా 13 రౌండ్లు గెలిచిన జట్టుదే మ్యాచ్. రౌండ్ మధ్యలో చనిపోయిన ఆటగాడు సాధారణంగా ఆ రౌండ్ ముగిసేదాకా మిగిలినవారి ఆట చూస్తూ కూర్చోవలసిందే.

ఈ చివరి నియమాన్ని కొత్తవారు అంతగా పట్టించుకోరు. రౌండ్ మొదలైన ఇరవై సెకన్లకే చనిపోయే వ్యక్తి గంటసేపు మ్యాచ్‌లో ఉన్నా, అందులో తన చేతులతో ఆడే సమయం చాలా తక్కువ. అంటే ఎవరికి సాధన ఎక్కువ అవసరమో వారికే ఆ సాధన తక్కువగా దొరుకుతుంది. కాబట్టి గంటలు పెంచమని సలహా ఇవ్వడం ఈ ఆటగాడి విషయంలో రెండు విధాలా పనికిరాదు. ఆయనకు ఆ గంటలూ లేవు, ఉన్నా అవి చూడడానికే పోతాయి.

నా దగ్గరకు వచ్చేసరికి ఆయన ఐరన్ 2లో ఉన్నారు. ఐరన్, బ్రాంజ్, సిల్వర్ అంటూ మొదలై రేడియంట్ దాకా ఉన్న తొమ్మిది మెట్లలో ఇది అడుగు మెట్టు.

వచ్చిన సమస్య, దానికి ఆయన చెప్పిన కారణం

"చూసేలోపే చచ్చిపోతున్నాను సర్, వయసు మీద పడింది కదా, రిఫ్లెక్స్ లేవు" అన్నారు మొదటిరోజే. ఆయన నిర్ధారణ అప్పటికే సిద్ధంగా ఉంది. ఆ నిర్ధారణను పట్టుకునే చికిత్స కూడా మొదలుపెట్టుకున్నారు. గురి సాధన చేయించే ఎయిమ్ ల్యాబ్ అనే ప్రోగ్రామ్‌లో రోజూ దాదాపు గంట సాధన చేసేవారు. పేరున్న ఆటగాళ్ల సెట్టింగులు చూసి వారం వారం సెన్సిటివిటీ (మౌస్ జరిపితే చూపు ఎంత తిరగాలన్న అమరిక) మార్చేవారు, తెర మధ్యలో గురి చూపే గుర్తయిన క్రాస్‌హెయిర్ రంగు, మందం మార్చేవారు. సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే 60 హెర్ట్జ్ మానిటర్ తీసేసి 144 హెర్ట్జ్ మానిటర్ కొందామా అని అడిగారు. ఎయిమ్ ల్యాబ్‌లో ఆయన స్కోర్లు నిజంగానే పెరిగాయి. మ్యాచ్‌లలో మాత్రం ఏమీ మారలేదు. ఈ రెండు విషయాలూ ఒకేసారి నిజం కావడమే నా దృష్టిలో ఈ కేసులో మొదటి ఆధారం. గురి పెట్టే నైపుణ్యమే అసలు లోపమైతే, అది మెరుగుపడినప్పుడు ఫలితం కొంచెమైనా కదలాలి.

అందుకని ముందు కాగితం మీద లెక్క వేశాం. కంటికి కనబడిన దానికి చేయి స్పందించడానికి పెద్దవారికి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. ఆయనది ఈ పరిధిలో పై అంచున ఉంది. చురుకైన కుర్రవాడితో పోలిస్తే ఆయన నష్టపోయేది మహా అయితే 50 మిల్లీసెకన్లు. మానిటర్ సంగతి చూస్తే, 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేమ్‌కు 16.7 మిల్లీసెకన్లు, 144 హెర్ట్జ్‌లో 6.9 మిల్లీసెకన్లు పడుతుంది. తేడా దాదాపు పది మిల్లీసెకన్లు.

ఇప్పుడు తుపాకీ లెక్క. ఈ ఆటలో వ్యాండల్ అనే రైఫిల్ తూటా తలకు తగిలితే ఎంత దూరం నుంచైనా 160 నష్టం కలిగిస్తుంది, ఒంటికి తగిలితే 40. హెవీ షీల్డ్ కొనుక్కున్న శత్రువుకు మొత్తం 150 ప్రాణం ఉంటుంది. అంటే తలకైతే ఒక్క తూటా చాలు, ఒంటికైతే నాలుగు కావాలి. ఆ రైఫిల్ సెకనుకు 9.75 తూటాలు పేలుస్తుంది కాబట్టి, మొదటి తూటాకూ నాలుగో తూటాకూ మధ్య సుమారు 300 మిల్లీసెకన్లు గడుస్తాయి. అదీ నాలుగూ తగిలినప్పుడే. క్రాస్‌హెయిర్ తల ఎత్తులో కాక నడుము ఎత్తులో ఉన్నందువల్ల పోయే కాలం, వయసు వల్ల పోయే కాలానికి ఆరింతలు. ఈ లెక్క ఆయనే స్వయంగా వేశారు. నేను చెప్పి ఉంటే ఒప్పుకునేవారే గానీ, నమ్మేవారు కాదనిపిస్తుంది. మానిటర్ కొనుగోలు వాయిదా పడింది.

చావుల పట్టిక

తర్వాతి నిర్ణయం, ఏం నేర్పాలో ఎలా తేల్చుకోవాలన్నది. మ్యాచ్ చివర కనబడే స్కోర్‌బోర్డు ఇందుకు పనికిరాదు. ఎందరిని చంపారో, ఎన్నిసార్లు చచ్చారో అది చెబుతుంది గానీ, ఎందుకో చెప్పదు. అందుకని మ్యాచ్‌లను రికార్డు చేయమని, ప్రతి చావుకు ముందున్న అయిదు సెకన్లు మాత్రమే చూసి మూడు సంగతులు రాయమని అడిగాను. తూటా పేల్చినప్పుడు కాళ్లు కదులుతున్నాయా, క్రాస్‌హెయిర్ ఎక్కడుంది, ఆ క్షణంలో ఎన్ని వైపుల నుంచి శత్రువులకు తాను కనబడుతున్నారు. గెలిచిన మ్యాచ్‌లు కూడా ఈ పట్టికలోకి రావాలన్నది షరతు, ఎందుకంటే గెలుపులో జరిగిన తప్పులను ఎవరూ వెతకరు.

పట్టిక నిండేసరికి ఆయన చెప్పిన కారణానికి చోటు దాదాపుగా లేకుండా పోయింది. సగానికి పైగా చావుల్లో ఆయన పరుగెత్తుతూనే పేల్చారు. ఈ ఆటలో రైఫిల్‌తో పరుగెత్తుతూ పేల్చే తూటా క్రాస్‌హెయిర్ చూపించిన చోటికి పోదు. గురి సరిగ్గా శత్రువు తల మీద ఉన్నా తూటా పక్కకు పోతుంది. ఎయిమ్ ల్యాబ్‌లో ఆయన చేసిన సాధన అంతా ఒకచోట నిలబడి చేసినది కాబట్టి, ఈ లోపం అక్కడ కనబడే వీలే లేదు. స్కోర్లు పెరిగినా మ్యాచ్‌లు మారకపోవడానికి సమాధానం అక్కడ దొరికింది.

మిగిలిన వాటిలో ఎక్కువ భాగం ఒకేసారి రెండు మూడు వైపులకు కనబడిన చావులు. అసెంట్ మ్యాప్‌లో A మెయిన్ అనే దారి దాటి A సైట్ అనే చోటులోకి అడుగుపెట్టిన రౌండ్ ఒకటి ఇద్దరం కలిసి చాలాసేపు చూశాం. ఆయన తిన్నగా మధ్యలోకి పరుగెత్తారు. ఆ అడుగుతో జెనరేటర్ వెనక, డైస్ అనే చోటు పక్కన, పైనున్న హెవెన్ అనే చోటులో ఎవరున్నా అందరికీ ఒకేసారి కనబడ్డారు. ఆయన డైస్ వైపు చూస్తుండగా హెవెన్ నుంచి తూటా వచ్చింది. రికార్డింగులో ఆయన గొంతు, "ఎక్కణ్నుంచి కొట్టాడు వీడు!" అని వినిపిస్తుంది. చూసేలోపే చచ్చిపోతున్నానన్న మాట అక్షరాలా నిజమే. అయితే అది కళ్ల వేగానికి సంబంధించినది కాదు. చూడని వైపు నుంచి వచ్చే తూటాకు ఏ రిఫ్లెక్సూ పనిచేయదు.

మూడో అలవాటు నన్ను కొంత ఆశ్చర్యపరిచింది. ఒక శత్రువును చంపగానే ఆయన వేలు తనంతట తానే రీలోడ్ (తుపాకీలో తూటాలు నింపే) మీట మీదకు పోయేది. వ్యాండల్‌లో 25 తూటాలుంటాయి, నాలుగైదు మాత్రమే వాడి, రెండున్నర సెకన్ల రీలోడ్‌లోకి దిగేవారు. చచ్చిన శత్రువు పక్కనే రెండోవాడు ఉండడం మామూలే కనుక, ఆ రెండున్నర సెకన్లలోనే ప్రాణం పోయేది. ఒంటరిగా ఆడే ఆటల్లో ఇది మంచి అలవాటే. అక్కడి నుంచే వెంట వచ్చింది.

చేసి చూసినవి, విఫలమైనవి

సెన్సిటివిటీ సంగతి ముందు తేల్చేశాం. ఆ సమయంలో ఆయన మౌస్‌ను 1600 డీపీఐతో (మౌస్ అంగుళం జరిగితే నమోదయ్యే కదలికల సంఖ్య), ఆటలోని సెన్సిటివిటీని 0.8తో వాడుతున్నారు. ఆ అమరికలో మౌస్ సుమారు పది సెంటీమీటర్లు జరిగితే పాత్ర ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. వణికే వేలు కూడా గురిని తల మీద నుంచి తప్పిస్తుంది. 800 డీపీఐ, 0.4కు మార్చితే పూర్తి చుట్టుకు దాదాపు నలభై ఒక సెంటీమీటర్లు కావాలి, అప్పుడు మణికట్టుతో పాటు మోచేయి కూడా పనిచేస్తుంది. ఇంతకంటే మంచి అంకె ఉండవచ్చు. అంకె ఎంతన్న దానికన్నా మళ్లీ మార్చకపోవడం ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే వారానికోసారి మారే సెన్సిటివిటీతో చేతికి కొలత అలవడదు. శిక్షణ ముగిసేదాకా ఆ పేజీ తెరవకూడదని ఒప్పందం చేసుకున్నాం. మొదటి వారం ఆట మరీ దిగజారింది, ఆయన పాత అంకె తిరిగి పెట్టేస్తానని పట్టుబట్టారు. ఆ తర్వాత కుదురుకుంది.

పట్టికలో బయటపడిన లోపాలన్నింటినీ ఒకే సమీక్షలో వరసగా చెప్పి, అన్నీ సరిచేసుకుంటూ ఆడమన్న పద్ధతి పనిచేయలేదు. ఆగి పేల్చాలి, తల ఎత్తు చూసుకోవాలి, ఒక్కో కోణం విడదీసుకోవాలి, రీలోడ్ చేయకూడదు, తెర మూలనుండే చిన్న పటం, మినీమ్యాప్ చూడాలి అని ఇన్ని ఆజ్ఞలు మనసులో పెట్టుకుని ఆడిన మ్యాచ్‌లలో ఆయన ముందుకన్నా నెమ్మదించారు. శత్రువు ఎదుట పడ్డాక ఏ నియమం వర్తిస్తుందో ఆలోచిస్తూ నిలబడిపోయారు. కారు నడపడం నేర్చుకునే మొదటిరోజే క్లచ్, గేరు, అద్దం, సిగ్నల్ అన్నీ ఒకేసారి చెప్పినట్టు అయింది. అలవాటుగా మారని పని ఏదైనా ధ్యాసను తింటుంది. మ్యాచ్ మధ్యలో కొత్తవారికి మిగిలే ధ్యాస ఒక్క విషయానికే సరిపోతుంది.

జట్లు లేకుండా అందరూ అందరితో తలపడే డెత్‌మ్యాచ్ కూడా మొదట ఉపయోగపడలేదు. ఆగి పేల్చడం అభ్యసించడానికి అది అనువైన చోటని చెబితే, ఆయన లోపలికి వెళ్లగానే స్కోర్‌బోర్డు మీద దృష్టి పెట్టారు. పైకి రావాలంటే వేగంగా తిరగాలి, వేగంగా తిరిగితే పాత అలవాటే బలపడుతుంది. సాధన పేరుతో తప్పును గట్టి చేసుకోవడం అంటే ఇదే.

పాత్ర ఎంపిక మరో చిక్కు. ఆయన రేనాతో ఆడేవారు. ఆమె ప్రధాన సామర్థ్యాలు రెండూ తాను చంపిన, లేదా అప్పుడే దెబ్బతీసిన శత్రువు చనిపోయాకే పనిచేస్తాయి. తుపాకీ పోరులో గెలవలేని కొత్తవారి చేతిలో ఆ పాత్ర ఖాళీ చేతులతో నిలబడుతుంది. ఒంటరిగా గెలిపించే పాత్ర అని పేరుంది కాబట్టి కొత్తవారు దానివైపే పోతారు. ఎవరికి సరిపోతుందో మాత్రం అడగరు.

పనిచేసినవి

వారానికి ఒక్క అలవాటు, అంతే. మొదటిది ఆగి పేల్చడం. వరసలో దీన్నే ముందు పెట్టడానికి కారణం, ఇది కుదిరితే తప్ప మిగతావాటి ఫలితం కనబడదు. ఆగని కాళ్లతో క్రాస్‌హెయిర్ ఎంత ఎత్తులో ఉన్నా తూటా గాలికే పోతుంది. తూటా ఎంత చెదిరిందో, అందులో నడక వాటా ఎంతో చూపించే గ్రాఫ్ ఆట సెట్టింగుల్లోనే ఉంది. దాన్ని తెర మీద పెట్టుకుని సాధన మైదానంలో పక్కకు ఒక అడుగు, ఆగడం, ఒకటి రెండు తూటాలు, మళ్లీ అడుగు. చెదిరిన తూటా వెంటనే గ్రాఫ్‌లో కనబడుతుంది కాబట్టి నేను పక్కన లేకపోయినా తప్పు తనకే తెలిసింది. డెత్‌మ్యాచ్‌లో స్కోర్ చూడడం మానేసి, చావు తర్వాత ఒక్క ప్రశ్న మాత్రమే వేసుకున్నారు: ఆగి పేల్చానా, లేదా? ఆగి చచ్చిపోతే అది పాస్. పరుగెత్తుతూ చంపితే అది ఫెయిల్. ఈ తిరకాసు మార్కుల పద్ధతికి ఆయన మొదట నవ్వారు గానీ, డెత్‌మ్యాచ్ పనికివచ్చింది ఆ తర్వాతే.

తల ఎత్తు అభ్యాసానికి శత్రువులు లేని ఖాళీ మ్యాప్ వాడాం. వాలరెంట్‌లో పాత్రలన్నింటి తల ఒకే ఎత్తులో ఉంటుంది. కాబట్టి గోడల మీది గీతలు, పెట్టెల అంచులు గుర్తుగా పెట్టుకోవచ్చు. తాను రోజూ నడిచే రెండు మూడు దారుల్లో మెల్లగా నడుస్తూ, ప్రతి మలుపు దగ్గరా మనిషి ఉంటే తల ఎక్కడుంటుందో అక్కడ క్రాస్‌హెయిర్ నిలపడం, మెట్లు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు దాన్ని సరిచేసుకోవడం. చూసేవారికి విసుగు పుట్టించే పని ఇది. మ్యాచ్‌కు ముందు పది నిమిషాలు ఇదే చేయమన్నాను, ఎయిమ్ ల్యాబ్ గంటను పూర్తిగా ఆపించాను. ఎయిమ్ ట్రైనర్లు వృథా అని నేను అనను. ఆయనకున్న గంటన్నరలో గంట దానికే పోవడం మాత్రం ఆయన భరించగలిగిన ఖర్చు కాదు.

మూడోది కోణాలను ఒక్కొక్కటిగా విడదీయడం. గోడ అంచు నుంచి కొంచెం దూరంగా నిలబడి, అంగుళం అంగుళం పక్కకు జరుగుతూ, కొత్తగా తెరుచుకున్న ఒక్క చోటును మాత్రమే చూసుకుని, అది ఖాళీ అని తేలాకే తర్వాతిదానికి పోవాలి. ఇక్కడ ఆయన వేసిన ప్రశ్న మంచిది: "నా రిఫ్లెక్స్ నెమ్మది కదా, నేను ఒకచోట నక్కి వాళ్లు వచ్చేదాకా ఎదురుచూస్తే మేలు కాదా?" వినడానికి సబబుగానే ఉంటుంది. నెట్‌వర్క్ ఆలస్యం వల్ల జరిగేది దానికి వ్యతిరేకం. కదులుతూ బయటికి వచ్చిన ఆటగాడికి నక్కి ఉన్నవాడు ముందు కనబడతాడు. ఆ కదలిక సర్వర్ మీదుగా నక్కినవాడి తెరకు చేరేసరికి కొంత కాలం పోతుంది. దీన్నే పీకర్స్ అడ్వాంటేజ్ అంటారు. కాబట్టి స్పందన నెమ్మదైన వ్యక్తి, గురిని ముందే తల ఎత్తులో పెట్టుకుని, తాను ఎంచుకున్న క్షణంలో తానే బయటికి రావడం మేలు. ఎదురుచూడడమంటే పూర్తిగా స్పందన మీద ఆధారపడడమే, ఆయన బలహీనత అదే. ఈ ఒక్క వాదన ఆయన ఆటతీరును మార్చినంతగా మరేదీ మార్చలేదు.

రేనా స్థానంలో పొగ తెరలు వేసే పాత్ర బ్రిమ్‌స్టోన్ వచ్చాడు. మ్యాప్ తెరిచి, వేయాలనుకున్న చోట గుర్తు పెడితే మూడు పొగలు దాదాపు 19 సెకన్లు నిలుస్తాయి. అసెంట్‌లో హెవెన్ ముందు ఒక పొగ పడితే పైనున్నవాడి చూపు మూసుకుపోతుంది, విడదీసుకోవలసిన కోణాల్లో ఒకటి తగ్గుతుంది. ఒక్కరినీ చంపకపోయినా ఆ రౌండ్‌లో జట్టుకు పనికివచ్చారన్న మాట. పొగ వేసేవారు ముందు దూకనక్కర్లేదు కాబట్టి, ఎవరో ఒకరి వెనక రెండో మనిషిగా వెళ్లి, ముందువాడు చనిపోతే వెంటనే అతణ్ని చంపినవాడి మీద పడే అలవాటు కూడా దానంతట అదే వచ్చింది.

రీలోడ్ అలవాటు అన్నింటికన్నా మొండిగా నిలిచింది. చెప్పినా, చూపించినా వేలు ఆగలేదు. చివరికి కొన్నాళ్లపాటు రీలోడ్‌ను మామూలు మీట నుంచి తీసేసి, అందుకోవడానికి చేయి జరపవలసిన మీటకు మార్చాం. ఆ ఇబ్బంది వల్ల ప్రతి రీలోడ్‌కూ ముందు ఒక ఆలోచన తప్పనిసరైంది. మూలకు తప్పుకున్నాక గానీ నొక్కడం కుదరలేదు. తర్వాత మీటను పాత చోటికే తెచ్చినా అలవాటు తిరిగి రాలేదు. అలవాటును తిట్టి మాన్పించడం కన్నా దాని దారిలో చిన్న అడ్డు పెట్టడం తేలిక.

కొన్ని లోపాలను తెలిసే వదిలేశాం. ఆయుధాలు కొనడానికి ఆటలో ప్రతి రౌండ్‌కూ వచ్చే డబ్బు లెక్కలు వాటిలో ఒకటి. వరసగా ఓడితే వచ్చే మొత్తం 1900 నుంచి 2400, 2900 దాకా పెరుగుతుంది కాబట్టి ఏ రౌండ్‌లో కొనాలో, ఎప్పుడు ఆగాలో ముందే లెక్క వేసుకోవచ్చు. ఆయన ఉన్న మెట్టులో మిగిలిన నలుగురూ ఆ లెక్క చూడరు. అందుకని జట్టు కొంటే కొనమని, ఆగితే ఆగమని ఒక్కమాటలో ముగించాను.

ఫలితం, పాఠాలు

నాలుగైదు నెలల్లో ఆయన సిల్వర్ అంచును తాకి, బ్రాంజ్ 3 దగ్గర కుదురుకున్నారు. పెద్ద విజయగాథ కాదు. ర్యాంకును కొలమానంగా తీసుకోవడం నాకు అంత ఇష్టం లేదు కూడా, ఎందుకంటే అందులో మరో తొమ్మిది మంది ఆట కలిసి ఉంటుంది. పట్టికలో వచ్చిన మార్పు నాకు ఎక్కువ విలువైనది. పరుగెత్తుతూ పేల్చిన చావులు బాగా తగ్గాయి. ఇప్పుడు చావుల్లో ఎక్కువ భాగం వెనక నుంచి వచ్చినవే, అంటే మినీమ్యాప్ చూడకపోవడం వల్ల వచ్చినవి. కొత్త లోపం పైకి తేలిందంటే పాతది కిందికి పోయిందనే అర్థం.

ఆటగాడు చెప్పే లక్షణాన్ని నమ్మాలి, చెప్పే కారణాన్ని మాత్రం పరీక్షించాలి. చూసేలోపే చచ్చిపోతున్నానన్నది లక్షణం, రిఫ్లెక్స్ లేవన్నది కారణం. సాధనలో మెరుగుపడుతూ మ్యాచ్‌లో కదలకపోతే, సాధన మ్యాచ్‌లోని ఏ భాగాన్ని వదిలేసిందో వెతకాలి. ఇక్కడ అది కాళ్లను వదిలేసింది.

ఈ వరసను యథాతథంగా మరో ఆటకు తీసుకుపోవడం కుదరదు. కౌంటర్-స్ట్రైక్ 2లో చాలావరకు పనిచేస్తుంది. ఆగి పేల్చడం అక్కడ ఇంకా ముఖ్యం, ఆగడానికి వ్యతిరేక దిశ మీట నొక్కడం కూడా నేర్చుకోవాలి. ఏపెక్స్ లెజెండ్స్ లాంటి ఆటల సంగతి వేరు. అక్కడ ఒక శత్రువును పడగొట్టడానికి చాలా తూటాలు పడతాయి, కదులుతూ పేల్చడమే పద్ధతి, కదిలే శత్రువు మీద గురిని ఆపకుండా నిలిపే నేర్పు కావాలి. ఇదే ఆటగాడు ఆ ఆటతో నా దగ్గరకు వచ్చి ఉంటే, నేను ఆపించిన ఎయిమ్ ల్యాబ్ గంటలో కనీసం కొంత భాగాన్ని అలాగే ఉంచేవాణ్ని.